మొరం ఎంత పోయాలో మోరీ చెప్తది

ప్రశ్న: మాది హసన్‌పర్తి దిక్కు. కొన్నేండ్ల కింద ఒక వెంచర్‌ల 200 గజాల ప్లాటు కొన్నం. 30 ఫీట్ల వెడల్పు, 60 ఫీట్ల పొడుగు, పడమర రోడ్డు. నల్లరేగడి నేల. ముందు భాగం రోడ్డుకు సమానంగనే ఉంటది, వెనక మాత్రం ఫీటున్నర పల్లం. గట్టి వాన పడితే వెనక రెండు దినాలు నీళ్లు నిలుస్తయి. రోడ్డు ఇంకా మట్టిదే, పక్కపొంటి కచ్చా కాలువ ఉంది. దక్షిణం పక్కాయన పోయినేడు తన ప్లాటు మూడు ఫీట్లు లేపిండు, ఇప్పుడు ఆయన నీళ్లు గూడ మాదాంట్లనే పడుతున్నయి. మా ఆయన దుబాయ్‌ల ఉంటడు, ఇల్లు కట్టించే పని నా మీదనే పడ్డది. మేస్త్రీ ప్లాటంతా నాలుగు ఫీట్లు మొరం పోద్దామంటడు. మా మరిది రెండు చాలంటడు. అత్తమ్మ ఈశాన్యం పల్లం ఉండాల్సిందే అంటది. పర్మిషన్ ఫోన్లనే వస్తది, ఈ లెవల్స్ ఎవలూ అడగరని ఇంకొకాయన అంటున్నడు. ఎవరి మాట వినాలె?

సమాధానం:

చెల్లెమ్మా, నాలుగు ఫీట్లా రెండు ఫీట్లా అన్న పంచాయితీ కాసేపు పక్కన పెట్టండి. మీ ప్లాటులో పడ్డ వాన చివరికి ఏ మోరీలో కలవాలి, ఆ మోరీ అడుగు ఎంత లోతున ఉంది? ఈ రెండూ తెలిసేదాకా ఎన్ని ఫీట్లు పోయాలో ఎవరూ చెప్పలేరు. నేల లేపడం వేరు, నీళ్లు పోయేలా చేయడం వేరు. నాలుగు ఫీట్లు లేపి, చుట్టూ కాంపౌండ్ గోడ కట్టి, బయటికి దారి పెట్టకపోతే మీరు కట్టుకున్నది ఎత్తు మీద మడుగే.

నీళ్లెన్నో మొదలు లెక్క చూద్దాం. 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. దాని మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 1,670 లీటర్లు. పది సెంటీమీటర్లు పడితే 16,700 లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడింటికి పైనే. మీ ఒక్క ప్లాటుదే ఇంత. పక్కాయన ప్లాటు కూడా మీ అంతే ఉంటే, ఆయన నీళ్లు కూడా కలిస్తే దీనికి రెండింతలు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్లు పడింది. అంత వానకు ఏ ఇంటి కాలువా ఆగదు, దాని కోసం లెక్క వేసుకోవడమూ దండగే. కానీ పది సెంటీమీటర్ల వానకు ఇంటి చుట్టూ నీళ్లు నిలిచాయంటే తప్పు వానది కాదు.

డబ్బులు ఖర్చు పెట్టే ముందు చూడాల్సింది ఒకటుంది. వెనక రెండు దినాలు నీళ్లు ఎందుకు నిలుస్తున్నాయి? నల్లరేగడి కాబట్టి ఇంకవు, పల్లం కాబట్టి పోవు. కారణం ఇంతే అయితే పనితో సరిచేయొచ్చు. అట్లా కాకుండా అది పాత కుంట నిండితే మునిగే శిఖం నేలో, ఒక చెరువు నిండి పొర్లే మత్తడి నీళ్లు కింది చెరువుకు పోయే తోవో అయితే మాత్రం మొరంతో అయ్యే పని కాదు. మన దిక్కు చెరువులు కాకతీయుల నాటి నుంచి గొలుసుకట్టు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోవాలి. నడుమ ఉన్న వాగు మీదో, పొలాల మీదో వెంచర్ పడితే నీళ్లకు ఆ సంగతి తెలియదు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో హన్మకొండ, వరంగల్ కాలనీల్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చిన చోట్లు చూస్తే చాలా మటుకు నాలాల పక్కవో, చెరువుల కిందివో. భద్రకాళి చెరువు కట్ట తెగింది కూడా ఆ 2023 వానలకే.

అందుకే మీ సర్వే నంబరు పట్టుకుని గ్రామ నక్షాలో చూపించుకోండి. చుట్టుపక్కల కుంట, వాగు, కాలువ ఏమన్నా గీసి ఉందా, చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో చూపే ఇరిగేషన్ వాళ్ల ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడిదాకా ఉంది అన్నది తెలుస్తుంది. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం మున్సిపాలిటీ పరిధిలో పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటలు, శిఖం భూముల నుంచి 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కంటే వెడల్పున్న వాగు, నాలా అయితే 9 మీటర్లు, పది మీటర్ల లోపుదైతే 2 మీటర్లు. ఆ ఊళ్లో అరవై ఏళ్లు దాటిన రైతును ఒకరిని తీసుకుపోయి ప్లాటు చూపించినా సగం సంగతి తెలిసిపోతుంది. "ఇక్కడ వరి పెట్టేటోళ్లం" అంటే పర్వాలేదు. "ఇక్కడ చేపలు పట్టేటోళ్లం" అంటే ఇల్లు కట్టే ఆలోచన ఆపి, ఆ ప్లాటు ఏం చేయాలో మీ ఆయనతో మాట్లాడండి.

అట్లాంటిదేం లేదనుకుందాం. ఇక లెవల్స్ తీయించాలి. దీనికి పెద్ద మిషన్లు అక్కర్లేదు, మేస్త్రీ దగ్గరుండే లెవల్ ట్యూబు చాలు. పైపులో గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపాలి, అంతే జాగ్రత్త. కరెంటు స్తంభం మీద పెయింటుతో ఒక గీత పెట్టించండి. ఇక అన్నీ ఆ గీత నుంచే కొలవాలి. ప్లాటు నాలుగు మూలలు, నడుమ, రోడ్డు నడుమ, కచ్చా కాలువ అడుగు, రెండు పక్కల ప్లాట్లు, ఆ కాలువ పోయి కలిసే కల్వర్టు అడుగు. కల్వర్టు దాకా పోవడానికి మేస్త్రీ బద్ధకిస్తాడు, వదలొద్దు. కాలువ అడుగు కల్వర్టు కంటే పల్లంలో ఉంటే మీ ఇంటి నీళ్లు ముందుకు పోవు, కల్వర్టు నీళ్లే మీ దాకా వస్తాయి.

ఇప్పుడున్న మట్టి రోడ్డును చూసి గడప ఎత్తు పెట్టొద్దు. రేపు సీసీ రోడ్డు పడితే కింద కంకర, పైన కాంక్రీటు కలిసి రోడ్డు సులువుగా ముప్పావు ఫీటు లేస్తుంది. ఆ పైన ఇంకోసారి రోడ్డు వేసేటప్పుడు పాతది తవ్వకుండా దాని మీదనే పోయడం మనకు అలవాటు. మీ వార్డు చూసే మున్సిపల్ ఏఈని కలిసి, ఆ వీధికి సీసీ రోడ్డు, మోరీ అంచనా తయారైందా, లెవల్ ఎంత అనుకుంటున్నారు అని అడగండి. తయారు కాకపోయినా, పక్క వీధిలో వేసిన దాన్ని బట్టి ఒక అందాజు చెప్తారు.

ఇక అసలు లెక్క. కాబోయే సీసీ రోడ్డు అంచును సున్నా అనుకోండి. మీ ఇంటి నీళ్ల పైపు మోరీలో రోడ్డు కంటే 9 అంగుళాల కింద పడాలనుకుందాం. మోరీ కనీసం ఫీటున్నర లోతు ఉండాలి, లేకపోతే మోరీ నిండినప్పుడు నీళ్లు మీ పైపులోకే ఎగదంతాయి. అత్తమ్మ చెప్పినట్టు నీళ్లన్నీ ఈశాన్యానికి రావాలంటే, మీది పడమర రోడ్డు కాబట్టి ఈశాన్యం అంటే వెనక మూల. అక్కడికి చేరిన నీళ్లను ఉత్తరం గోడ వెంబడి 60 ఫీట్లు మళ్లీ రోడ్డు దాకా తేవాలి. నూటికి ఒకటి వాటం (నీళ్లు పారే వాలు) పెడితే 60 ఫీట్లకు సుమారు 7 అంగుళాలు. అంటే ఈశాన్యంలో నీళ్లు దిగే చాంబర్ అడుగు రోడ్డు కంటే 2 అంగుళాల కింద ఉంటుంది. చాంబర్ ఒక ఫీటు లోతనుకుంటే అక్కడి వాకిలి (ఇంటి చుట్టూ ఉన్న ఖాళీ నేల) రోడ్డు కంటే 10 అంగుళాల పైన. దక్షిణం పక్క నీళ్లు ఇంటి వెనక నుంచి చుట్టి ఈశాన్యానికి రావాలంటే ఇంకో 80 ఫీట్ల నడక, దానికి ఇంకో 10 అంగుళాలు. అంటే మీ వాకిట్లో ఎత్తైన చోటు రోడ్డు కంటే 20 అంగుళాల పైన ఉంటుంది. చుట్టూ ఉన్న నేల కంటే ఇంటి బేస్‌మెంట్ కనీసం 450 మిల్లీమీటర్లు, అంటే ఫీటున్నర ఎత్తు ఉండాలని జాతీయ భవన నియమావళి చెప్తుంది. అదీ కలిపితే మీ గడప సీసీ రోడ్డు కంటే 38 అంగుళాలు, ఇప్పటి మట్టి రోడ్డు కంటే దాదాపు నాలుగు ఫీట్లు.

మేస్త్రీ చెప్పిన నాలుగు ఫీట్లు ఇక్కడ వచ్చాయి చూడండి. కానీ అది గడప ఎత్తు. ప్లాటంతా పోయాల్సిన మొరం కాదు. వాకిలికి ముందూ వెనకా కలిపి సగటున రెండున్నర నుంచి మూడు ఫీట్లు సరిపోతుంది, ఆపైది బేస్‌మెంట్ గోడల లోపల మాత్రమే. ఇల్లు, వాకిలి అని చూడకుండా ప్లాటంతా ఒక ఫీటు ఎక్కువ పోస్తే 1,800 ఘనపుటడుగులు. వదులు మొరం లెక్కన ట్రాక్టర్ ట్రిప్పుకు వంద అనుకున్నా ఇరవై ట్రిప్పులు దాటుతుంది. పైగా వాకిలి లేచిన కొద్దీ ఇల్లు కూడా లేపాల్సి వస్తుంది.

ఈశాన్యం మాట పక్కన పెడితే ఎంత తేడా వస్తుందో కూడా చెప్తాను, మీ ఇంట్లో మాట్లాడుకోవడానికి పనికొస్తుంది. వాకిలి నీళ్లు వెనక నుంచి ముందుకు, నేల మీదనే గేటు దగ్గరికి వచ్చేలా పెడితే, గేటు దగ్గర రోడ్డు కంటే 3 అంగుళాలు, వెనక 10 అంగుళాలు, గడప 28 అంగుళాలు. అంటే మీ వాస్తు ఖరీదు పది అంగుళాల మొరం, దాంతోపాటు ఆకులు, మట్టి పడి మూసుకుపోయే 60 ఫీట్ల పైపు. నా ఇల్లైతే ముందుకే వాటం పెట్టుకుంటాను. మీ ఇంటి నమ్మకాన్ని కాదనను. ఈశాన్యమే కావాలంటే ఆ పైపు ఆరంగుళాలకు తగ్గొద్దు, రెండు మూడు చోట్ల మూత తీసి కడిగేలా చాంబర్లు పెట్టించండి. ఇంటి ముందు పడ్డ కొంచెం నీళ్లు మాత్రం ఎట్లయినా గేటు వైపే పోనివ్వండి. వాటిని కూడా వెనక్కి తిప్పి మళ్లీ ముందుకు తెస్తే పైపుకే బరువు. ఈ అంకెలన్నీ మీరు రాసిన కొలతల మీద వేసినవి. మీ మోరీ లోతు, రోడ్డు లెవల్ తెలిసినప్పుడు ఇదే వరుసలో మోరీ నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రండి.

మొరం పోయడం గురించి. ముందు గడ్డి, వేర్లు ఉన్న పైమట్టి ఆరంగుళాలు జేసీబీతో గీకించేయండి. పాత ఇళ్లు కూలగొట్టిన మట్టి తక్కువకు వస్తుందని, లేదా అక్కడి నల్లమట్టే తవ్వి పోద్దామని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లు బారుతుంది. మొరాన్ని ఆరేడు అంగుళాల పొర పోసి, నీళ్లు కొట్టి, రోలరుతోనో దిమ్మిసతోనో గట్టిపరచి, ఆ పైన ఇంకో పొర పోయాలి. టిప్పర్లతో ఒక్కసారే రెండు మూడు ఫీట్లు కుమ్మరించి పైన చదును చేస్తే చూడ్డానికి బాగుంటుంది. రెండు వానాకాలాల్లో అది కుంగుతుంది. ఎక్కువ కుంగేది గోడ పక్కనే, ఎందుకంటే పునాది గుంత పూడ్చిన మట్టి అక్కడ వదులుగా ఉంటుంది. అప్పుడు మీరు బయటికి పెట్టిన వాటం ఇంటి వైపు తిరుగుతుంది, వాన నీళ్లు నేరుగా పునాదిలోకి దిగుతాయి. నల్లరేగడిలో గోడలు పగలడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. పునాదులు పోసిన మొరం మీద కాదు, దాని కింద అసలు గట్టి నేల దాకా పోవాలని వేరే చెప్పక్కర్లేదు అనుకుంటాను. అయినా ఇంజినీరుతో రాయించుకోండి.

కాంపౌండ్ గోడ సంగతి చాలామంది మర్చిపోతారు. రెండున్నర ఫీట్ల మొరం తడిసి పక్కకు నెడుతుంటే మామూలు ఇటుక గోడ ఆగదు, పక్క ప్లాటులోకి ఒరుగుతుంది. ఆ ఎత్తు దాకా రాతి కట్టడమో, కాంక్రీటు గోడో కావాలి. దీని ఖర్చు మేస్త్రీ లెక్కలో ఉందో లేదో అడగండి. నా అనుమానం, ఉండదు.

ఇంటి చుట్టూ సెట్‌బ్యాక్‌లో (ఇంటికి, కాంపౌండ్ గోడకు నడుమ వదిలే ఖాళీలో) బండలో టైల్సో వేసేటప్పుడు గోడ నుంచి బయటికి ఫీటుకు పావు అంగుళం వాటం ఉండాలి. అమెరికాలో ఇళ్ల నిబంధన ఇంటి చుట్టూ మొదటి పది ఫీట్లలో ఆరంగుళాల వాటం అడుగుతుంది. మన సెట్‌బ్యాక్‌లు నాలుగైదు ఫీట్లు ఉంటే గొప్ప, అందుకే మనం మట్టి వదలకుండా గచ్చు చేసుకుని దాని మీద వాటం తెచ్చుకుంటాం. కాంపౌండ్ గోడ వెంబడి చిన్న కాలువ వదలండి, దాని మీద జాలీ ఉంటే చాలు, పూర్తిగా మూయొద్దు. టైల్స్ వేసే ముందు గచ్చు మీద నాలుగు బకెట్ల నీళ్లు గుమ్మరించి చూడండి. మేస్త్రీ లెవల్ కంటే ఆ నీళ్లే నిజం చెప్తాయి. మిద్దె మీది పైపులు నేల మీద వదలకుండా కాలువలోకే దింపండి. వాన నీళ్లను సెప్టిక్ ట్యాంకులో కలపొద్దు, ట్యాంకు నీళ్లు వాన మోరీలో కలపొద్దు.

అనుమతిలో ఇంకుడు గుంత షరతు ఉంటే తవ్వించండి. కానీ నల్లరేగడిలో నాలుగు ఫీట్ల గుంత తవ్వి కంకర పోస్తే అది ఇంకదు, నిండి కూర్చుంటుంది. కింద మొరం పొర తగిలేదాకా తవ్వాలి, పునాదికి ఎంత వీలైతే అంత దూరంగా ఉండాలి, నిండితే పోవడానికి కాలువలోకి ఒక పైపు ఉండాలి.

పక్కాయన సంగతి. పై నేల మీద పడ్డ వాన తనంత తాను పారుతూ కింది నేలలోకి వస్తే కిందివాళ్లు అడ్డుకోకూడదు అనేది పాత న్యాయసూత్రం. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టంలో ఈ మాటే ఉదాహరణగా ఉంది. కానీ అది సహజంగా పారే నీళ్ల మాట. కొత్తగా మూడు ఫీట్లు లేపి, మిద్దె పైపు మీ వైపు తిప్పితే దాన్ని సహజం అని ఎవరూ అనరు. అట్లని కోర్టు మాట ముందే ఎత్తొద్దు, ఇల్లు అయ్యాక రోజూ ముఖాలు చూసుకోవాల్సింది మీరే. ఆయనకూ ఒక కష్టం ఉంది. ఆయన పోసిన మట్టి ఆపే గోడ లేకుంటే వానకు జారి మీ దాంట్లోకే వస్తుంది. ఇద్దరి హద్దు మీద రాతి గోడ సగం సగం ఖర్చుతో కట్టుకుందాం, మీ నీళ్లు మీ కాలువలోంచి రోడ్డు మోరీకి తిప్పుకోండి అంటే ఎక్కువ మంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే వాన పడేటప్పుడు ఫోటోలు, వీడియో తీసి పెట్టుకుని మున్సిపల్ కార్పొరేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆయన మీకు చేసిందే మీరు ఉత్తరం వైపు ప్లాటుకు చేయొద్దు. రాతి గోడలో నీళ్లు కారే రంధ్రాలు అటు వైపు పెట్టేస్తే రేపు వాళ్లు వచ్చి మిమ్మల్ని అడుగుతారు.

ఇక పర్మిషన్. ఫోన్లో వస్తుందన్న మాట నిజమే. 2020 నాటి రాష్ట్ర స్వీయ ధ్రువీకరణ చట్టం కింద 75 గజాల లోపు ప్లాటులో, ఏడు మీటర్ల ఎత్తు లోపు ఇంటికి రిజిస్ట్రేషన్ చాలు. 500 చదరపు మీటర్ల లోపు ప్లాటులో, పది మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి. మీది ఈ రెండోది. వాకిలి వాటం ఎంత అని ఆ దరఖాస్తులో ఎవరూ అడగరన్నదీ నిజమే. కానీ స్వీయ ధ్రువీకరణ అంటే, చెరువు, నాలా హద్దులో లేనని, రోడ్డు వెడల్పు ఇంతని, సెట్‌బ్యాక్ ఇంతని మీరే సంతకం పెట్టి చెప్తున్నట్టు. తర్వాత వచ్చి చూసినప్పుడు తేడా ఉంటే అనుమతి రద్దవుతుంది, నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా 2020 చట్టంలో ఉంది. సంతకం మీది లేదా మీ ఆయనది, దరఖాస్తు నింపిన కుర్రాడిది కాదు. వెంచర్ అనుమతి ఉన్న లేఅవుటా, అనుమతి లేనిదాన్ని క్రమబద్ధం చేసే ఎల్ఆర్ఎస్ ఫీజు కట్టాల్సిందా అన్నది కూడా అమ్మినవాళ్ల మాట మీద వదలకుండా కాగితం చూడండి. ఇంకోటి, ఎత్తు పెరిగిన ఇంటికి బండి ఎక్కే ర్యాంపు రోడ్డు మీదికి, మోరీ మీదికి తేవడం మన వీధుల్లో మామూలైపోయింది. మోరీ పూడ్చిన ర్యాంపు ముందు మీ నీళ్లనే ఆపుతుంది. ర్యాంపు మీ గేటు లోపలే పట్టేలా ప్లాన్ గీయించండి.

ప్లాన్ గీసే ఇంజినీరుతో ఒక అదనపు కాగితం వేయించుకోండి. మున్సిపాలిటీకి అక్కర్లేదు, మీకే. నాలుగు మూలల ఎత్తు, గడప ఎత్తు, కాలువ ఏ చోట ఎంత లోతు, పైపు మోరీలో పడే లెవల్, అన్నీ ఆ స్తంభం గీత నుంచి రాసి ఉండాలి. దాన్ని ఫోటో తీసి మీ ఆయనకు పంపండి, మేస్త్రీకి ఒక కాపీ ఇవ్వండి, మొరం డబ్బులు ఆ కాగితం ప్రకారం కొలిచాకే ఇవ్వండి. మొరం పని ఎండాకాలంలో పెట్టుకుని మృగశిర కార్తెకు ముందే గట్టిపరచడం అయిపోవాలి. బేస్‌మెంట్ దాకా లేపి, వాకిలి గచ్చు మాత్రం ఒక వానాకాలం చూశాక వేయించినా నష్టం లేదు. కుంగేది ఏదన్నా ఉంటే ఆ వానలకే బయటపడుతుంది, అప్పుడు నాలుగు ట్రిప్పుల మొరంతో సరిచేసుకోవచ్చు.